కణాలాయన చెప్పిన రహస్యం

వీధిలో అందరూ ఆయన్ని కణాలాయన అనేవారు. ఎదురుగా కాదు, వీపు వెనక. ఆయన కణాల గురించి మొదలుపెడితే వినేవాళ్ళ కణతలు పట్టేసేవి మరి.

ఊరి చివర నేల కింద గుండ్రంగా పెద్ద సొరంగం ఉంది. అందులో కంటికి కనపడని కణాల్ని ఎదురెదురుగా పరుగెత్తించి గుద్దిస్తారు, పగిలాక లోపల ఏముందో చూద్దామని. సొరంగం పైన సందర్శకుల హాలు. వచ్చిన జనానికి ఆ యంత్రం సంగతి వివరించటం కణాలాయన ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే పని.

మొదట్లో జనం విరగబడి వచ్చేవారు. జ్ఞానం కోసం కాదు, భయంతో. యంత్రం తిప్పితే బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగేస్తుందని ఎవరో పత్రికలో రాశారు. ఒకాయన "మా భూమి జోలికి రాకండి" అని అట్ట మీద రాసుకుని గేటు ముందు బైఠాయించాడు. ఒకావిడ యంత్రం మూలంగానే జుట్టు రాలుతోందని, రాలిన జుట్టు సీసాలో పెట్టుకుని తెచ్చింది. ఒక ముసలాయన తన మోకాళ్ళ నొప్పికి యంత్రమే కారణమని ఏడు ఉత్తరాలు రాశాడు. ఎనిమిదో ఉత్తరంలో నొప్పి తగ్గిందనీ, యంత్రాన్ని దయచేసి ఆపొద్దనీ రాశాడు.

చివరికి యంత్రం తిరిగింది. లోకం అంతం కాలేదు. దాంతో జనానికి విసుగొచ్చింది.

ఆ తరవాత కణాలాయన హాల్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. రెండేళ్ళ నుంచి మరమ్మతుల పేరుతో యంత్రం కూడా పడుకుంది. గురువారం దాన్ని మళ్ళీ తిప్పుతారనగా పైఅధికారి పిలిచి, ఈ వారంలో జనం రాకపోతే హాలు మూసేస్తామనీ, ఆయన్ని సొరంగం పక్కన పాత వైర్ల గదికి మారుస్తామనీ చెప్పాడు. పాత వైర్లకి వివరణ అక్కర్లేదు.

జనం రావాలంటే జనానికి భయం వెయ్యాలి. భయం వెయ్యాలంటే ఊరంతా ఒక మాట పాకాలి. మాట పాకటానికి ఇంట్లోనే మహత్తరమైన సాధనం ఉంది. ఆయన భార్య బట్టలు కుట్టేది. షాపు వీధి మొదట్లో. ఊళ్ళో సగం మంది కొలతలూ, మొత్తం అందరి కబుర్లూ ఆవిడ దగ్గర ఉండేవి. నోట్లో నువ్వుగింజ నానదు. మనసులో ఆయన ఆవిడకి టముకు అని పేరు పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్న వాన పడుతోంది. ఆవిడ బల్ల దగ్గర ఎవరిదో చీర అంచు కుడుతోంది.

"నీకో సంగతి చెప్పాలి. ఎవరితోనూ అనకూడదు," అన్నాడు.

"నేనెప్పుడైనా అన్నానా?" అంది టముకు.

మరో రోజైతే ఆయన జాబితా చదివేవాడు. ఈసారి ఆ జాబితానే నమ్ముకున్నాడు.

"గురువారం పదింటికి యంత్రం తిప్పుతున్నారు. ఈసారి జోరు ఎక్కువ. లోపలివాళ్ళే బెదిరిపోతున్నారు."

"ఏమీ కాదని మీరే కదండీ రోజూ చెప్తారు?"

"అది ఉద్యోగం. ఇది ఇల్లు."

ఆవిడ చేతిలో సూది ఆగింది. "అంటే... అందరం పోతామా?"

"ఖాయమని కాదు. అవకాశం ఉంది."

"ఎంత?"

ఎంతో ఆయన ఆలోచించుకోలేదు. "సగం," అన్నాడు.

సూది గుచ్చి లేచి, ఆయన ముందున్న కప్పు తీసుకెళ్ళి కడిగేసింది. అందులో ఇంకా సగం టీ ఉంది.

మందు పనిచేసిందనుకుని కణాలాయన ఉత్సాహంగా ఆఫీసుకి వెళ్ళాడు. కుర్చీలు తుడిపించాడు. సాయంత్రానికి గేటు దగ్గర గొడుగులు కనిపిస్తాయని ఎదురుచూశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ గొడుగు ఒక్కటే కనిపించింది.

ఇంటికొస్తూ షాపు గుమ్మంలో చెవి వేశాడు. లోపల ఇద్దరాడవాళ్ళు చేతుల పొడవు గురించి మాట్లాడుతున్నారు. లోకాంతం ఊసే లేదు. భార్య తలొంచుకుని మిషన్ తొక్కుతోంది. వచ్చే నెలకి ఇవ్వాల్సిన బట్టలు కూడా కుట్టి, మడిచి, పేర్ల చీటీలు పెట్టేసింది.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగాడు. "ఎవరికైనా చెప్పావా?"

"మీరు చెప్పొద్దన్నారుగా."

"అంటే... పక్కింటావిడక్కూడానా?"

"వాళ్ళ కోడలికి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకి పేరు కూడా వెతుక్కుంటున్నారు. నా నోటితో ఎలా చెప్పనండీ?"

కణాలాయన తెల్లబోయాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ రహస్యం దాచటం ఇదే మొదలు. పెళ్ళికి ముందు ఆయన జుట్టుకి రంగు వేసుకున్న సంగతి పెళ్ళిపందిట్లోనే అందరికీ చెప్పిన మనిషి, లోకం మునిగిపోతుందంటే ఒంటరిగా మింగి కూర్చుంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలు తరుగుతోందేమోనని చూశాడు. కత్తిపీట గోడకి చేర్చే ఉంది.

అప్పుడే నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ ఇంకా మూడు రోజులుంది కదా, ఏ క్షణంలోనైనా ఆవిడ నోరు జారకపోదు అన్న ఆశ ఆయన్ని పట్టుకుంది.

మంగళవారం కుండపోత. హాలుకి ఇద్దరు వచ్చారు. ఒకాయన మరుగుదొడ్డి ఎక్కడని అడిగి, పని చూసుకుని వెళ్ళిపోయాడు. ఇంకొకరెవరో రెయిన్‌కోటు టోపీ కూడా తియ్యకుండా చివరి వరసలో కూర్చున్నారు. వానకి తలదాచుకున్నారని కణాలాయనకి అర్థమైంది. అయినా అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి, గోడ మీది బొమ్మలకి గంటసేపు వివరించాడు. ఇటు తిరిగేసరికి కుర్చీ కింద నీళ్ళ మడుగు మాత్రం మిగిలింది.

బుధవారం పొద్దున్న బల్ల మీద చీటీ ఉంది. "అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. సాయంత్రం బస్సుకి వస్తాను. కూర వేడి చేసుకోండి."

అది చదివి కణాలాయన కుర్చీలో కూలబడ్డాడు. ఆ తల్లీకూతుళ్ళకి ఆరేళ్ళుగా మాటల్లేవు. మామగారు చనిపోయిన నెలలో ఏదో అనుకున్నారు. ఏమిటని ఆయన ఎప్పుడూ అడగలేదు. అడిగితే అత్తగారిని తీసుకురావాల్సి వస్తుందేమోనని జంకు. ఇప్పుడు భార్య తన అబద్ధం నమ్మి, ఆఖరి చూపులకని వానలో బస్సెక్కింది.

ఆ మధ్యాహ్నం పైఅధికారి ఆర్డరు కాగితం చేతిలో పెట్టాడు. గురువారమే హాలుకి ఆఖరు. శుక్రవారం నుంచి వైర్ల గది, పొద్దున్నుంచి ఒంటిగంట దాకా పని. కణాలాయన దాన్ని పూర్తిగా చదవలేదు. సాయంత్రం బస్సు గురించే ఆలోచిస్తున్నాడు.

బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. గుమ్మంలో భార్య, ఆవిడ చెయ్యి పట్టుకుని అత్తగారు, వెనక రెండు పెట్టెలూ ఒక పరుపూ కనిపించాయి. ఆఖరి చూపులకి పరుపెందుకో ఆయనకి బోధపడలేదు.

"ఎవరూ, అల్లుడేనా?" అంది అత్తగారు, కొక్కేనికి తగిలించిన కోటు వైపు చూస్తూ.

కణాలాయన భార్యని వంటింట్లోకి లాక్కెళ్ళి, తేలు కుట్టిన దొంగలా గొణిగాడు. "నేను చెప్పింది అబద్ధం. రేపు ఏమీ జరగదు."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. చివరి వరసలో కూర్చున్నది ఎవరనుకున్నారు? ఆకాశం నుంచి అంతకంటే జోరైన కణాలు కోట్ల ఏళ్ళుగా భూమి మీద పడుతూనే ఉన్నాయి, భూమికి ఏమీ కాలేదు, ఇప్పుడూ కాదు. అంతే కదా? ఇంత ముక్కని గంటసేపు సాగదీశారు. అదీ గోడకి చెప్పారు."

పదకొండేళ్ళలో తన ఉపన్యాసం అర్థమైన మొదటి మనిషి ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడింది. సంతోషించాలో సిగ్గుపడాలో ఆయనకి తెలియలేదు.

"తెలిసీ ఎందుకెళ్ళావు మరి?"

"సోమవారమంతా ఒకటే బెంగ, అమ్మని చూడకుండానే పోతానా అని. మీరు చెప్పింది అబద్ధమే. నా బెంగ అబద్ధం కాదుగా." ఆవిడ పొయ్యి వైపు తిరిగింది. "అమ్మకి ఒక కన్ను పూర్తిగా పోయిందండీ. రెండోది పోతోందిట. నాలుగు నెలలుగా పక్కవాళ్ళు అన్నం పెడుతున్నారు. నాకు కబురు చెయ్యనివ్వలేదు."

కణాలాయన వంటింటి గుమ్మంలోంచి అత్తగారి వైపు చూశాడు.

"అసలు ఆ రోజు ఎందుకు గొడవపడ్డారు?" అని అడిగాడు, ఆరేళ్ళకి.

"మనతో వచ్చి ఉండమన్నాను. అల్లుడి ఉపన్యాసాలు వింటూ బతికే కన్నా మీ నాన్న వెంట పోవటమే నయం అంది. నా మొగుణ్ణి అంటావా అని నేను లేచాను."

కణాలాయన నోరు తెరిచి, పక్కనున్న కూర గిన్నెకి మూత పెట్టాడు. వివరణ అవసరమైనప్పుడు ఆయనకి ఎప్పుడూ అంతే.

"నన్ను ఏడిపించినందుకు మీకు శిక్ష ఉంది," అందావిడ కళ్ళు తుడుచుకుంటూ. "మీ పుస్తకాల గది అమ్మకి. ఇందాక బస్సు దిగుతుంటే వాచ్‌మన్ కనపడి చెప్పాడు, రేపటితో హాలు సరి, మీకిక పొద్దున పూటే పనిట. నేను షాపు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. మధ్యాహ్నాలు అమ్మని మీరే చూసుకోవాలి."

"నేనా? ఆవిడకి నా గొంతే పడదు కదే!"

"ఇప్పుడు ఆవిడకి తోడు గొంతులేనండీ. మీదో, గోడ గడియారానిదో. నేను అడిగాను. మీది పరవాలేదంది."

గురువారం హాల్లో ముగ్గురు శ్రోతలు. భార్య షాపు మూసి వచ్చింది. అత్తగారు మొదటి వరసలో కూర్చుంది. వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. పదింటికి కింద యంత్రం తిరగటం మొదలైంది. ఏమీ జరగలేదు. నేల కూడా అదరలేదు. కణాలాయన అలవాటు ప్రకారం గోడకి తిరిగాడు.

"అల్లుడూ, అటెవరున్నారు? ఇటు మాట్లాడు," అంది అత్తగారు.

ఆయన ఇటు తిరిగాడు. మనుషుల మొహాలు చూస్తూ చెప్పటం అలవాటు లేక రెండుసార్లు తడబడ్డాడు. అరగంటలోనే అయిపోయింది.

"అయిందా?"

"అయింది అత్తయ్యా. ఏమైనా అర్థమైందా?"

"ఒక్క ముక్క తలకెక్కలేదు. రేపు మొదట్నుంచి చెప్పు."

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ గొడుగు విప్పే పనిలో చాలా తీరిక లేకుండా ఉంది.

కణాలాయన దీపాలు ఒక్కొక్కటే ఆర్పాడు. వాచ్‌మన్ తాళం వేశాడు. బయట మెట్లన్నీ తడిసి ఉన్నాయి.

"అత్తయ్యా, మొత్తం ఆరు మెట్లు," అని మొదలుపెట్టాడాయన. "మొదటి రెండూ వెడల్పు, మూడోదాని అంచు అరిగింది. వాన పడితే రాయి మీద నీటి పొర ఏర్పడి కాలికీ రాయికీ మధ్య పట్టు..."

"వివరించకు," అంది అత్తగారు. "చెయ్యి పట్టుకో."