లక్ష్మి ఎదురింటి దారి పట్టింది

మార్గశిర లక్ష్మీవారం పూజకు ఇల్లంతా తానే అలంకరిస్తానని గణపతిరావు పొద్దున్నే నడుం కట్టాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ప్రమాదమంటే ఆయనకెంత హడలో బరంపురంలో ఆ వీధి వీధంతటికీ తెలుసు. అతుకుల వైరున్న సీరియల్ లైట్లు పారేశాడు. స్టూలెక్కబోయిన భార్య హైమను దింపేశాడు. దేవుడి గది పరదా దీపానికి తగలకుండా గుడ్డముక్కతో పక్కకు కట్టాడు.

హైమ ఆరాటం వేరు. ఇచ్ఛాపురం నుంచి ఆడపడుచు అప్పలనరసమ్మ వస్తోంది మరి! కిందటేడు ఇదే పూజకొచ్చి, దీపం కుందె దగ్గర్నుంచి పరమాన్నం దాకా వంకలు పెట్టి వెళ్లింది.

"ఈపాలి ఒక్క మాట కూడా పడకూడదు, సూసుకోండి," అంది హైమ.

"నీకేటే బెంగ? లచ్చిందేవి పాదాలు కూడా నానే ఏసేస్తాను. తడి పిండి తొక్కితే నువ్వు జారిపోతావు."

తడి మీద కాలు పడకుండా, దేవుడి గది నుంచి గేటు వైపు వెనక్కి జరుగుతూ బియ్యప్పిండి పాదాలు వేశాడు. తానెటు జరిగితే వేళ్లు అటే పెట్టాడు. రైలెటు పోతే ఇంజనూ అటే కదా! ఊపులో గేటు దాటి వీధిలో కూడా నాలుగు వేసేశాడు.

వంటింట్లోంచి వచ్చిన హైమ గుండె బాదుకుంది. "ఓలమ్మో! లచ్చిందేవిని బైటికి తోలీసినారేటండి!"

ఎదురింటి శాంతి అప్పటికే హారతి పళ్లెంతో తన గుమ్మంలో నిలబడింది. "మా ఇంటికే వస్తన్నాదక్కా. వస్తన్న తల్లిని వద్దంటామేటి?"

"అదరకు, తుడిసేస్తాను," అని గణపతిరావు గుడ్డ కోసం వెతికాడు. ఏదీ కనబడక పరదాకు కట్టిన ముక్కనే ఊడదీశాడు. లోపల్నుంచి మొదలుపెట్టి ఎవరూ జారకుండా పొడిగా తుడుచుకుంటూ గేటు దాటి వీధిలో నాలుగూ చెరిపాడో లేదో, వీధి మొగలో ఆటో హారన్ మోగింది. లోపల్నుంచి హైమ కేక.

"పరదా! దీపం మీదకి ఎగురుతున్నాదండీ!"

గణపతిరావు ఒక్క గంతేశాడు. కుడికాలు గేటు దగ్గరే వదిలేసిన పిండి గిన్నెలో పడింది. అది తీయబోతే ఎడమకాలు కూడా. ఆ కాళ్లతోనే పరుగెత్తి పరదా లాగి పట్టుకున్నాడు. దీపం నిలిచింది, ఇల్లూ నిలిచింది.

ఆటో దిగిన అప్పలనరసమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. అక్కణ్నుంచి దేవుడి గది దాకా చేటలంత పాదాలు, అన్నీ లోపలికే! చేతులు జోడించేసింది.

"ఏటే హైమా, లచ్చిందేవి మొగుడ్ని కూడా ఎంటబెట్టుకొచ్చీసింది! మాకెవలికీ ఇంత ఆలోచన రాలేదే!"

అంతటితో ఆగక వంగి మరీ చూసింది ఆడపడుచు. వంక దొరక్కపోతే ఆవిడకు తిన్నదరగదు.

"పాపం, సీతాకాలం ఇష్ణుమూర్తికి కూడా మడమలు పగిలిపోతాయి కాబోలు."

ఆవిడ మళ్లీ బండెక్కేదాకా గణపతిరావు సాక్సులు విప్పలేదు.