పెర్ల్ పెట్టిన ముహూర్తం

ఆ జూన్ ఉదయం డోన్‌లో తన ఇంటర్నెట్ సెంటరు తాళం తీస్తూ, ఈరోజు టీ తాగి తీరిగ్గా పేపరు చదువుకోవాలనుకున్నాడు శివప్రసాద్. దేనికైనా రాసిపెట్టి ఉండాలి మరి!

బట్టల అంగడి అనంతయ్య కూతురు శ్రీవాసవి పెళ్లికి అతను పెర్ల్ అనే కంప్యూటరు భాషలో ఒక వెబ్ పేజీ చేసి పెట్టాడు. ఎవరు తెరిస్తే వాళ్లకు అప్పటికప్పుడు పేజీ తయారై, పెళ్లి తేదీ, ఇంకా ఎన్ని రోజులుందో చూపిస్తుంది. కడపలో వియ్యాలవారికి నిన్ననే చిరునామా పంపారు.

కుర్చీలో కూర్చున్నాడో లేదో అనంతయ్య ఫోను.

"ఏమప్పా, పెండ్లి జూలై పదకొండని వేసినావంట! మనది ఆగస్టు గదా! ఆషాఢంలో పెండ్లి యాడన్నా ఉండాదా? పెండ్లికొడుకు అవ్వ వెంకటలక్ష్మమ్మ అగ్గి మీద గుగ్గిలమైతాంది. ఈ సంబంధం పోయిందంటే నిన్ను ఊర్లో ఉండనీయను!"

శివప్రసాద్ కంప్యూటరు ముందుకు జరిగాడు. చూస్తే ఏముంది? పెర్ల్ నెలలను సున్నా నుంచి లెక్కపెడుతుంది. జనవరికి సున్నా అయితే ఆగస్టుకు అంకె ఏడు; ఒకటి కలపకపోతే అది జూలై అయి కూర్చుంటుంది. ఆ కలపడమే మరిచాడు మహానుభావుడు! గబగబా అక్కడికక్కడే దిద్దాడు. ఆ కంగారులో ఒక సెమికోలన్ ఎగిరిపోయి, పేజీ మొత్తం మాయమై, ఇంగ్లీషులో ఎర్రర్ అన్న ముక్క ఒక్కటే మిగిలింది.

అది కడపలో ఎవరో చూశారు. పెళ్లి తీసేశారని వెంకటలక్ష్మమ్మకు చెప్పారు. సాయంత్రానికల్లా ఆమె జీపు మాట్లాడుకుని, పంచాంగం చంకన పెట్టుకుని అనంతయ్య ఇంటి ముందు దిగింది.

"శూన్యమాసంలో పెండ్లి పెడతారు, మళ్లా చెప్పకుండా తీసేస్తారు! మేమేమన్నా మీకు ఆటబొమ్మలమా?"

"తప్పు నాదవ్వా! కంప్యూటర్లో నెల తప్పు పడింది," అంటూ, అనంతయ్య కబురుతో పరుగెత్తుకొచ్చిన శివప్రసాద్ కాళ్ల మీద పడినంత పని చేశాడు.

"ఆగస్టు పదకొండేనమ్మా. శ్రావణమే! మళ్లా పురోహితుడెందుకని క్యాలెండరు చూసి నేనే పెట్టినా," అన్నాడు అనంతయ్య గొప్పగా.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని పంచాంగం తిప్పింది. తిప్పి, అనంతయ్యను ఎగాదిగా చూసింది.

"ఇది అధిక శ్రావణం గదప్పా! అధికమాసంలో ఎవరన్నా పెండ్లి చేస్తారా?"

అనంతయ్య పంచాంగంలోకి తొంగిచూసి తల పట్టుకున్నాడు. శుభలేఖలు మర్నాడే అచ్చుకు పోవాలి. వెంకటలక్ష్మమ్మే ఫక్కున నవ్వేసింది.

"ఈ పిల్లోడు తప్పు చేయకపోతే శానా పెద్ద తప్పు జరిగిపోతాండె. పురోహితుణ్ణి పిలిపించప్పా!"

ఆయనొచ్చి, సంగతంతా విని, ఆగస్టు ఇరవై ఆరు ఖాయం చేసి దక్షిణ పుచ్చుకున్నాడు. శివప్రసాద్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ పూట అనంతయ్య ఇంట్లో రెండోసారి పాయసం వడ్డించినా వద్దనలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ పురోహితుడు సెంటరుకు వచ్చి, తనకూ ఒక పేజీ కావాలనీ, అందులో ఆ నెల తప్పు మాత్రం దిద్దవద్దనీ చెప్పి వెళ్లాడు.