అడవిదున్నకు ముకుతాడు

ఆదివారం పొద్దున భాస్కర్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఖమ్మం నుంచి కారులో బయలుదేరాలి. తల్లాడ దాటాక అడవి అంచున ఉన్న ఫన్ పార్కుకు వెళ్లి మేనేజరుతో నాలుగు మాటలు గట్టిగా మాట్లాడాలి. అక్కడే చెట్ల నీడన చపాతీలు, కోడికూర తిని ఇంటికి రావాలి. భార్య శారద చపాతీలు ఒత్తుతోంది. నిన్ననే నేలకొండపల్లి నుంచి వచ్చిన అత్తగారు పుల్లమ్మ మసాలా నూరుతోంది.

భాస్కర్ ఒక సహకార బ్యాంకులో క్లర్కు. అది పొట్టకూటికి. మనసంతా మాత్రం ఆ పార్కులోని రోలర్ కోస్టర్ మీద ఉంటుంది. దాని పేరు ‘అడవిదున్న’. ముందు పెట్టెకు రెండు పెద్ద కొమ్ములు, ఎర్రటి కళ్లు ఉంటాయి. దాని అభిమానుల కోసం ఆయన ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాడు. దసరా తర్వాత పార్కువాళ్లు దున్నకు మార్పులు చేశారు. మూడో మలుపు దగ్గర వేగం తగ్గించారు. భుజాల మీదుగా కొత్త పట్టీ బిగించారు. సెల్‌ఫోను, కండువా, కళ్లద్దాలతో ఎక్కరాదని బోర్డు పెట్టారు.

అంతే, గ్రూపు నిలువునా చీలింది. పాత వేగమే కావాలనే వర్గానికి భాస్కర్ నాయకుడు. “ముకుతాడు వేసినంక అది దున్న ఎట్లయితది? గంగిరెద్దయితది” అన్న ఆయన మాట ఆ వర్గానికి వేదవాక్కు. భద్రతా వర్గానికి నాయకుడు కొత్తగూడెం బొగ్గుబావిలో పనిచేసే ఎల్లస్వామి. “బావిల దిగినా, దున్న ఎక్కినా పానం ఒక్కటే. రూలు రూలే” అని ఆయన రోజూ పొద్దున్నే శుభోదయానికి బదులుగా పెట్టేవాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడలేదు కాబట్టి చర్చ ఏ మొహమాటమూ లేకుండా సాగేది.

ఆ పొద్దున భాస్కర్ బాల్కనీలో నిలబడి, గొంతు సవరించుకుని, ఫోనులో మాట రికార్డు చేశాడు.

“అన్నలూ, ఇయ్యాల అడవిదున్న సంగతి తేల్చుడే. అందరు తల్లాడ దాటినంక అడవి కాడికి రాండ్రి. ముందుగాల దాని పట్టీలు విప్పిద్దాం. ఒక్కసారి ఉరికిందంటే మళ్ల ఆగొద్దు. పనైనంక ఆడనే కూసొని తిందాం. మసాలా మా ఇంట్ల నూరుతున్నరు.”

చప్పట్ల కోసం కాసేపు చూశాడు. ఒక్క బొటనవేలు కూడా రాలేదు. ఎందుకంటే ఆ మాటలు ‘అడవిదున్న అభిమానులు’ గ్రూపుకు వెళ్లలేదు. దాని కిందనే ఉన్న ‘అడవి మిత్రులు’ గ్రూపుకు వెళ్లాయి. అది వానాకాలంలో బ్యాంకువాళ్లు మొక్కలు నాటినప్పుడు పెట్టిన గ్రూపు. అందులో బ్యాంకు సిబ్బందితో పాటు ఫారెస్టు సెక్షన్ ఆఫీసర్ దేవ్‌సింగ్ కూడా ఉన్నాడు. భాస్కర్ మాత్రం తన మాటల బరువుకు జనం మూగబోయారనుకుని స్నానానికి వెళ్లాడు.

ఆ మాటలు వంటింట్లోకి కూడా వినిపించాయి. పుల్లమ్మ నూరడం ఆపింది.

“అల్లుడు దున్నపోతును కొంటుండా ఏంది?” అని కూతురిని అడిగింది.

“దున్న అంటే దున్న కాదమ్మా. కొమ్ములుంటయి గానీ, పట్టాల మీద ఉరుకుతది” అంది శారద, చపాతీ మాడుతుంటే తిప్పుతూ.

“పట్టాల మీదికి పోయే అలవాటున్న దున్నను ఎవరన్నా కొంటరా? బ్యాంకుల కూసునేటోనికి ఏం తెల్సు? నేనొస్త. పళ్లు చూడంది బేరం చెయ్యొద్దు.”

బయలుదేరేటప్పటికి పుల్లమ్మ కారులో అన్నీ సర్దింది. కొత్త ముకుతాడు, ఒక మోకు, పసుపు కుంకుమ, ఉల్లిగడ్డలు తరగడానికి పెద్ద కత్తి. భాస్కర్ డిక్కీ వైపు చూడలేదు. మేనేజరు ముందు ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాడు.

తల్లాడ దాటాక చెక్‌పోస్టు దగ్గర గేటు దించి ఉంది. దేవ్‌సింగ్ స్వయంగా వచ్చి కారు అద్దంలోకి తొంగిచూశాడు.

“భాస్కర్ గారూ, మొక్కలు నాటిననాడు ఫొటోల అందరికన్న ముందు నిలబడ్డది మీరే గద. మీరే గిట్ల చేస్తే ఎట్ల?”

“నేనేం చేసిన సార్?”

దేవ్‌సింగ్ డిక్కీ తెరిపించాడు. మోకు బయటికొచ్చింది. ముకుతాడు వచ్చింది. కత్తి వచ్చింది. చివరగా డబ్బా మూత తీసి వాసన చూశాడు. మసాలా ఘాటుకు రెండుసార్లు తుమ్మి, “సాక్ష్యం బలంగ ఉన్నది” అన్నాడు.

అదే సమయానికి కొత్తగూడెం వైపు నుంచి ఒక బైకు వచ్చి ఆగింది. దిగిన మనిషి నెత్తిన హెల్మెట్టు, దాని ముందు పెద్ద లైటు, మెడలో విజిల్ ఉన్నాయి. బావిలో భద్రతా వారోత్సవాలలో బహుమతిగా వచ్చినవి అవి.

“గేటు ఎందుకు వేసిండ్రు సార్? అడవిదున్న కాడ నాకు పనున్నది. ఆదివారం ఆదివారం పోయి దాని పట్టీలు చూసొస్త” అన్నాడు.

“రా, నీ కోసమే చూస్తున్న. వేటల లైటు కొట్టేటోడివి నువ్వేనన్నట్టు” అంటూ దేవ్‌సింగ్ ఆయన్ని కూడా భాస్కర్ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాడు. పేరు అడిగితే ఎల్లస్వామి అన్నాడు. భాస్కర్ ఉలిక్కిపడ్డాడు.

“గంగిరెద్దు ఎల్లస్వామివా?”

“ముకుతాడు భాస్కర్‌వా?”

తొలి పరిచయం అలా జరిగింది. ఆ తర్వాత తాము ఎక్కడున్నదీ మరిచిపోయి ఇద్దరూ వాదనకు దిగారు.

“ఆగుండ్రి. ముందు నేనడిగినదానికి చెప్పుండ్రి” అన్నాడు దేవ్‌సింగ్. “దున్న ఏడుంది?”

“పార్కుల, కంచె లోపల” అన్నాడు భాస్కర్.

“కంచెల బంధించిండ్రా! ఎవరన్నా ఎక్కుతున్నరా?”

“ఒక్కసారికి పదహారు మంది సార్.”

దేవ్‌సింగ్ చేతిలో కలం కిందపడింది. “ఒక్క దున్న మీద పదహారు మందా?”

“అందుకే సార్ నేను మొత్తుకునేది. పదహారు మందికి పట్టీలు లేకుంటె ఎట్ల?” అన్నాడు ఎల్లస్వామి.

“పట్టీల సంగతి కాదు సార్. అప్పట్ల మూడో మలుపు కాడ ప్రాణం లేచొచ్చేటట్టు ఉరికేది. ఇప్పుడు బ్రేకు వేస్తున్నరు” అన్నాడు భాస్కర్.

“దున్నకు బ్రేకా?”

అప్పుడు శారద కారు దిగివచ్చి, రోలర్ కోస్టర్ అంటే ఏమిటో, తన భర్త అంటే ఏమిటో రెండే మాటల్లో చెప్పింది. దేవ్‌సింగ్‌కు మొదటిది అర్థమైంది. అయినా అప్పటికే పై అధికారికి ఫోను చేసి, అడవిదున్న ప్రాణాలకు ముప్పుందని చెప్పేశాడు. కళ్లతో చూడనిదే వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు. అందరినీ జీపులో ఎక్కించుకుని పార్కుకు బయలుదేరాడు.

పార్కు మేనేజరు తిరుమల ఫారెస్టు జీపును చూడగానే బెదిరిపోయింది. అభిమానులు ఫిర్యాదు చేసి అధికారిని వెంటబెట్టుకొచ్చారనుకుంది. “సార్, అన్నీ రూల్ ప్రకారమే ఉన్నయి. కావాలంటే వీళ్లనే ఎక్కించి చూడండి. టికెట్ కూడా అక్కర్లేదు” అని గబగబా ఖాళీ దున్నను తెప్పించింది. కొమ్ములు, ఎర్రటి కళ్లు వచ్చి ఎదురుగా ఆగాయి. ఆదివారం కాబట్టి పార్కుకు వచ్చిన గ్రూపు అభిమానులు పదిమంది, నాయకుల పేర్లు విని గుమిగూడారు. నాయకులిద్దరినీ ముందుకు నెట్టారు.

భాస్కర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. “బోర్డు చదవలేదా? బీపీ ఉన్నోళ్లు ఎక్కొద్దు.”

“మీకు బీపీ ఎప్పటిసంది?” అంది శారద.

“ఇప్పటిసంది.”

ఎల్లస్వామి కూడా హెల్మెట్టు సర్దుకుంటూ బోర్డు వెనక్కి జరిగాడు. శారద ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఇన్నాళ్ల నుంచి కొట్లాడుతున్నరు గద. మీల ఎవరన్నా ఒక్కసారన్నా ఎక్కిండ్రా?”

భాస్కర్ పార్కుకు చాలాసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా అందరి బ్యాగులూ పట్టుకుని కింద నిలబడ్డాడు. ఎల్లస్వామి నేల చూపులు చూస్తూ, “మేం రోజూ భూమి లోపలికి దిగుతం. పైకి పోయే అలవాటు లేదు” అన్నాడు.

ఈలోగా పుల్లమ్మ ముందు పెట్టెలో కూర్చుని పట్టీ బిగించుకుంది. దున్న పళ్లు చూద్దామని వచ్చిన మనిషికి, పళ్లు లేకపోయినా సీటు మెత్తగా ఉండటం నచ్చింది. “వచ్చినం గద, పోదాం పా అల్లుడా” అని పిలిచింది. అత్తగారు ఎక్కాక అల్లుడు కిందుండటం కుదరదు. ప్రత్యర్థి ఎక్కాక ఎల్లస్వామి కింద ఉండటం అసలే కుదరదు. భాస్కర్ తన కళ్లద్దాలు దేవ్‌సింగ్‌కు అప్పగించి, చివరిచూపు లాంటిది చూసి కూర్చున్నాడు.

దున్న నెమ్మదిగా పైకెక్కింది. అక్కడినుంచి అడవి పచ్చగా, చాలా అందంగా కనబడి ఉంటుంది. భాస్కర్ కళ్లు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కింద దేవ్‌సింగ్ ఫోను మోగింది. పై అధికారి.

“దున్న కనబడ్డదా?”

“కనబడ్డది సార్. ఇప్పుడే పైకెక్కింది. పరేషాన్ ఏం లేదు, అది...”

మిగతా వాక్యం వినబడలేదు. దున్న కిందికి దూకింది. “ఓ అవ్వా! ఆపుండ్రి! సచ్చిన్రో!” అన్న భాస్కర్ కేక పార్కు దాటి, ఫోను దాటి పై అధికారి చెవిలో పడింది. లైను తెగిపోయింది. దేవ్‌సింగ్ మళ్లీ మళ్లీ చేశాడు. అడవి అంచున సిగ్నల్ దొరకలేదు. కింద నిలబడ్డ అభిమానులు మాత్రం, తమ నాయకుడు రెండు చేతులూ పైకెత్తి పాత వేగం కోసం నినాదాలిస్తున్నాడనుకుని చప్పట్లు కొట్టారు.

దున్న ఆగాక పుల్లమ్మ చీర దులుపుకుని దిగింది. “ఇంతేనా? మా ఊరి ఆటో ఇంతకన్నా ఎక్కువ ఊపుతది” అంది. భాస్కర్‌ను మాత్రం ఇద్దరు పట్టుకుని దింపాల్సి వచ్చింది. బెంచీ మీద పడుకోబెట్టారో లేదో, ధూళి లేపుకుంటూ, ఆ కేక విని పై అధికారి తొందరపెట్టిన ఫారెస్టు వ్యాను వచ్చింది. వల, నిచ్చెన, మత్తు తుపాకీ, వాటి వెనక పశువైద్యుడు శ్రీశైలం దిగారు.

“దున్న ఏది? ఎంతమందిని పొడిచింది?”

దేవ్‌సింగ్ సంగతి చెప్పి తల పట్టుకున్నాడు. అంతదూరం వచ్చిన డాక్టరును ఊరికే పంపడమెందుకని శారద భర్తను చూపించింది. శ్రీశైలం నాడి చూశాడు, కనురెప్పలు లేపి చూశాడు, అలవాటు కొద్దీ చెవులు కూడా పట్టి చూశాడు. “భయమేం లేదు. బెదిరిండు, అంతే. నీళ్లు తాగిపిచ్చి నీడకు కట్టెయ్యండి” అన్నాడు.

నీళ్లు తాగాక భాస్కర్ లేచి కూర్చున్నాడు. మేనేజరు తిరుమల చేతులు కట్టుకుని నిలబడింది. “ఇగ చెప్పండి సార్. మీకేం కావాలె? పట్టీలు తీసెయ్యాల్నా?”

భాస్కర్ బెంచీని రెండు చేతులా పట్టుకున్నాడు. “తీసుడా? నడుముకు ఇంకోటి పెట్టుండ్రి. కాళ్లకు గూడ పెట్టుండ్రి. ఆ మూడో మలుపు కాడ బ్రేకు కాదు, మొత్తానికే ఆపి, దిగేటోళ్లను దింపి పోవాలె.”

“దింపుడా!” ఎల్లస్వామి ముందుకొచ్చాడు. హెల్మెట్టు ఎక్కడో పడిపోయింది. జుట్టంతా నిక్కబొడుచుకుని ఉంది. ముఖం పండగనాటి పిల్లాడిలా వెలిగిపోతోంది. “మంచిగ ఉరుకుతుంటె ఆ మలుపు కాడ పానం ఉసూరుమన్నది మేడమ్. ముకుతాడు వేసిన దున్న దున్ననేనా? ముందు ఆ బ్రేకు తీసెయ్యండి!”

“రూలు రూలే!” అని భాస్కర్ అరిచాడు.

కోడికూర చల్లారిపోయేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. అభిమానుల్లో ఎవరు ఏ నాయకుడి వెనక నిలబడాలో తేలక, సగంమంది అటునుంచి ఇటు, సగంమంది ఇటునుంచి అటు మారారు. దేవ్‌సింగ్ సిగ్నల్ దొరికిన గుట్ట మీదికెక్కి, అడవిదున్న క్షేమమని, మనుషుల గురించి మాత్రం హామీ ఇవ్వలేనని పై అధికారికి చెప్పాడు.

తిరుమల వాళ్ల మాటలు కాసేపు విన్నది. తర్వాత పెయింటరును పిలిపించి నిబంధనల బోర్డు కింద ఇంకో వరుస రాయించింది: ‘దున్నను ఎక్కనివారు దున్న గురించి సలహాలు ఇవ్వరాదు.’ ఆ బోర్డును ఫొటో తీసి భాస్కర్ చేతే అభిమానుల గ్రూపులో పెట్టించింది.

సాయంత్రానికి ఆ గ్రూపులో భాస్కర్, ఎల్లస్వామి, కొత్తగా చేరిన పుల్లమ్మ మాత్రమే మిగిలారు.