నోవహు దస్తూరి, దేవుడి సంతకం

"ఈ ఏడు సమీక్షలు పెంచాలి!" అన్నాడు నోవహు, జనవరి ఒకటో తారీకు పొద్దున్నే, వరండాలో కూర్చుని వంటింట్లోకి వినబడేలా.

వంటింట్లో పంపు స్టవ్వు బుస్సుమంటోంది. పండగ పూట గారెలు వేస్తున్న ఏసుమణికి ఆ మాట తలకాయ తెగి, తోక మాత్రమే చేరింది.

"మేకలు పెంచుతారా! ఎక్కడ కడతారండీ, మీ పుస్తకాల బీరువాకా?"

"మేకలు కాదే, సమీక్షలు!"

"అదే, ఎన్ని మేకలు?"

"వారానికొకటి!"

"వారానికో మేకా! ఏడాదికి యాభై రెండు మేకలా! ప్రభువా, ఈయనకేటయింది?" అంటూ ఏసుమణి గరిటెతో సహా వరండాలోకి వచ్చేసింది. నోవహు వివరించాడు. వివరించిన కొద్దీ ఆవిడకి మేకలే నయమనిపించాయి. మేక అయితే పాలైనా ఇస్తుంది. ఈ వాదన తెమలకముందే చర్చి రెండో గంట కొట్టింది. "అయ్యో, కార్డులు!" అని ఏసుమణి బల్ల మీదున్న గులాబీ రంగు అట్టముక్కలన్నీ రెండు చేతులతో ఊడ్చి, బిస్కట్ల డబ్బాలో కుక్కి, మూత పెట్టేసింది.

కథ అంతా ఆ మూత కిందే ఉంది కనుక, అది తెరుచుకునేలోగా నోవహు గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

నోవహు చక్కెర మిల్లులో కాటా గుమాస్తా. పగలు చెరుకు బళ్ళు తూస్తాడు, సాయంత్రాలు పుస్తకాలు తూస్తాడు. చెరుకులో రసం, పుస్తకంలో రసం రెండూ కనిపెట్టగల ఉభయ రసజ్ఞుడినని అతని నమ్మకం. కాకపోతే మిల్లులో పిప్పి బయటకు పోతుంది, నోవహు సమీక్షలో అదొక్కటే లోపల మిగులుతుందని సంపాదకుల అభిప్రాయం. పదకొండేళ్ళుగా పత్రికలకి పుస్తక సమీక్షలు పంపుతున్నాడు. అచ్చయినవి నాలుగు. మిగతావన్నీ పచ్చివే.

అలాంటిది, కిందటి వారం విశాఖపట్నం నుంచి ఒక వారపత్రిక సంపాదకుడు కార్డు రాశాడు. జనవరి నుంచి ప్రతి గురువారానికీ ఒక సమీక్ష తన బల్ల మీద ఉంటే శీర్షిక నోవహుదే. మొదటి గురువారం తప్పిందా, మరొకాయన సిద్ధంగా ఉన్నాడు. పదకొండేళ్ళ ఆకలికి పిలిచి విస్తరి వేసినట్టయింది. అందుకే నోవహు కొత్త సంవత్సరానికి నాలుగు నియమాలు రాసుకున్నాడు. వాటిని గోడకి అంటించుకుని, చూస్తూ పాటించాలని పథకం.

ఎక్కడ రాసుకున్నాడూ అన్నదే చిక్కు. వాళ్ళ చర్చిలో ఏటా ఒకటో తారీకు పొద్దున ఆరాధనలో వాగ్దానం తీసే ఆచారం ఉంది. కార్డుకొక బైబిలు వాక్యం రాసి పళ్ళెంలో బోర్లించి పెడతారు. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటారు. ఎవరికి ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకి ఇచ్చిన మాట. ముత్యాల్లాంటి దస్తూరి అని, ఆ కార్డులు రాసే పని చర్చి పాదిరి మోజెస్ అయ్యగారు ఎప్పుడూ నోవహుకే అప్పగిస్తారు. ఈసారి రాయగా అట్టముక్కలు నాలుగు మిగిలాయి. నియమాలూ నాలుగే. చేతిలో కలం ఉంది. మనిషి పాడైపోవడానికి అంతకంటే ఏం కావాలి?

అది తొంభై అయిదో సంవత్సరం. ఒకటో తారీకు ఆదివారమే వచ్చింది. చర్చి కిటకిటలాడింది. అందరూ తీశాక చివర్లో అయ్యగారు తన కార్డు తీసి, అలవాటు ప్రకారం గట్టిగా చదివారు.

"'రెండు పేజీలు దాటరాదు. సాగదీస్తే ఎవరూ భరించరు. కోసెయ్యి.'"

చర్చిలో చీమ చిటుక్కుమనలేదు. నోవహు గుండె మాత్రం చిటుక్కుమంది.

మోజెస్ అయ్యగారి ప్రసంగం గంటన్నరకి తగ్గదు. ఆయన చేతిలో పదకొండు పేజీల కాగితాలున్నాయి. కార్డు కింద అధ్యాయం ఏదో, వచనం ఏదో చూశారు. అంకెలు లేవు. వెనక్కి తిప్పారు. లేవు. నెమ్మదిగా కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితాల్లోంచి తొమ్మిది పేజీలు పక్కన పెట్టేసి, ఇరవై నిమిషాల్లో ప్రసంగం ముగించారు. బయట చెప్పులు తొడుక్కుంటున్న జనం మొహాల్లో అంత భక్తి నోవహు ముందెన్నడూ చూడలేదు.

మిగతా మూడూ ఎవరి చేతుల్లో పడ్డాయో తెలుసుకోవడానికి అతనికి ఆ రాత్రి దాకా పట్టలేదు.

ఇంటికి రాగానే, "ఒసే, కొంచెం కాఫీ ఇస్తావా?" అన్నాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. గారెలు సర్దుతున్న ఏసుమణి తలెత్తకుండా గోడ వైపు వేలు చూపించింది. దేవుడి పటం పక్కన గులాబీ కార్డు అంటించి ఉంది. "పని మధ్యలో ఎవరు పిలిచినా పలకరాదు."

"ఇది..." అన్నాడు నోవహు.

"ఇరవై రెండేళ్ళకి దేవుడు నా మొర ఇన్నాడండీ," అంది ఏసుమణి, పని ముగిశాక.

మూడో కార్డు శాలోమి చేతిలో ఉంది. కుట్టుమిషను పెట్టుకున్న పిల్ల. గాజువాక కుర్రాడు అనిల్‌కుమార్‌తో సంబంధం కుదిరింది. చర్చిలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదవాలి. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవడానికన్నమాట. రెండో ప్రకటన ఆ పొద్దున్నే అయింది. అది అయిన అరగంటకి ఆ పిల్ల తీసిన వాగ్దానం: "సగానికి వచ్చినా సరే, రుచించకపోతే వదిలెయ్యి."

నోవహు వాళ్ళింటికి పరిగెత్తాడు. "అమ్మా శాలోమీ, ఆ కార్డు నాకిచ్చి, ఇంకోటి తీసుకుంటావా? దీనికంటే మంచిది రాసిస్తాను."

"దేవుడిచ్చిన మాటని మార్చుకుంటారా మావయ్యగారూ?" అంది శాలోమి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంకొక్క ప్రశ్న అడిగితే ఏడ్చేలా ఉంది. ఏడ్చేవాళ్ళ దగ్గర నోవహు నిలబడలేడు. నవలల్లో కూడా ఆ పేజీలు గబగబా తిప్పేస్తాడు.

సరే, అయ్యగారి దగ్గరే ఒప్పేసుకుందామని పాదిరిగారి ఇంటికి వెళ్ళాడు. నోరు తెరిచేలోగా మోజెస్ అయ్యగారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. "నోవహూ, ఆ వాక్యం కోసం మధ్యాహ్నమంతా గ్రంథం తిరగేసేను. ఎక్కడా లేదు. మా ఇంట్లో అమ్మగారు మాత్రం పదేళ్ళుగా అదే సెప్తన్నారు. నేను ఇనలేదని దేవుడు నీ చేత్తో రాయించేడు."

"అయ్యగారూ, ఆ చెయ్యి..."

"ఆ చెయ్యి ధన్యమైంది," అని అయ్యగారు దాన్ని కళ్ళకద్దుకున్నారు. కళ్ళకద్దుకున్న చేత్తో తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలీదు. నోవహు "వందనాలండీ" అని బయటపడ్డాడు.

ఇంటికొచ్చేసరికి వరండా మెట్టు మీద గున్నమ్మ కూర్చుని ఉంది. అరవై ఏళ్ళ మనిషి. చెరుకు కొట్టడంలో, చెరుకు కొట్టేవాళ్ళని తిట్టడంలో చుట్టుపక్కల ఆవిడకి సాటి లేదు. చదువు మాత్రం వేలిముద్ర దగ్గరే ఆగింది.

"నా వాగ్దానం సూడు బాబూ. మా పక్కింటి గుంట సదివి సెప్పింది. 'వారానికి ఒక పుస్తకం. మినహాయింపు లేదు.' నాకా అచ్చరం ముక్క రాదు. మరి దేవుడు మినహాయింపు నేదంటన్నాడు! ఊళ్ళో పుస్తకాలున్నది నీకే. సదువు, ఇంటాను."

"గున్నమ్మా, నేను మనసులో చదువుకుంటాను. పైకి చదివితే ఆలస్యమైపోతుంది."

"మనసులో సదివితే నాకెలా ఇనిపిస్తాది?"

ఇది మాత్రం ఏ విమర్శకుడూ తోసిపుచ్చలేని ప్రశ్న.

సమీక్షకి వచ్చిన నవల మూడు వందల పన్నెండు పేజీలు. మంగళవారానికి చదివేసి, బుధవారం పొద్దున పోస్టులో వేస్తేగాని గురువారానికి అందదు. మామూలుగా నోవహు అట్ట, ముందుమాట, మొదటి ముప్ఫై పేజీలు, చివరి పది చదివి తూకం వేసేస్తాడు. గున్నమ్మ దగ్గర ఆ కాటా పనిచెయ్యలేదు. ఓ పేజీ దాటేస్తే చాలు, "ఆగు బాబూ, ఆ గుంట పెరట్లో ఉండాల గదా, రైలెప్పుడెక్కింది?" అని పట్టేసేది.

సోమవారం కథానాయకుడు చెరుకుతోటలో నాయిక వెంట పరిగెత్తే ఘట్టం వచ్చింది. "ప్రకృతి వర్ణన పరమాద్భుతం" అని నోవహు అప్పటికే అంచున రాసిపెట్టుకున్నాడు. గున్నమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"తోటకడ్డంగా పరిగెట్టేడా! ఒంటిమీద సొక్కా నేకుండానా! సెరుకాకు రంపంలా కోసీయదా ఆడిని? ఈ రాసినోడు తోట సూడనేదు బాబూ, రోడ్డు మీంచి సూసీసేడు."

ఇరవై ఏళ్ళు చెరుకు తూచిన నోవహు తన చేతుల వైపు చూసుకున్నాడు. తానూ తోటలోకి వెళ్ళినవాడు కాడు. కాటా దాకా వచ్చిందే అతని చెరుకు.

మంగళవారం తల్లి పాత్ర వచ్చింది. "అనవసరపు సాగతీత" అని నోవహు గుర్తు పెట్టిన పేజీ. పిల్లలందరికీ వడ్డించి, తనకి ఒక్క మెతుకు మిగలకపోతే, తిన్నట్టే కుండ కడిగేసి చెయ్యి తుడుచుకుంటుంది ఆవిడ. గున్నమ్మ పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ కుండ కడిగిన ముక్క ఇంకోపాలి సదువు."

చదివాడు. ఈసారి పేజీ గబగబా తిప్పడానికి వీల్లేకపోయింది. లోపల పనిచేసుకుంటున్న ఏసుమణి, ఎవరూ పిలవకుండానే, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

బుధవారం పొద్దున లెక్క చూసుకుంటే పుస్తకం సగమే అయింది. పోస్టు తీసేది తొమ్మిదింటికి. కాగితం ముందు కూర్చుంటే "సంఘర్షణ", "సన్నివేశం", "సంవిధానం" అనే మూడు సకారాలు తప్ప సారం ఏదీ తగలడంలేదు. ఇంక గత్యంతరం లేక, సగమే చదివానని మొదటి వాక్యంలోనే ఒప్పేసుకుని, గున్నమ్మ అన్నవి అన్నట్టు రాసి, తోట దగ్గర ఎందుకు నవ్విందో, కుండ దగ్గర ఎందుకు ఇంకోసారి చదవమందో చెప్పి, కవరు అంటించేశాడు. శీర్షిక పోయిందనే అనుకున్నాడు.

శనివారం కార్డు వచ్చింది. "శీర్షిక మీదే. అయితే ప్రతివారం ఆ గున్నమ్మగారు ఉండాలి. ఆవిడ లేకపోతే మాకు మీ పాత సమీక్షలు గుర్తొస్తాయి."

నోవహు ఎగిరి గంతేశాడు. గాలిలో ఉండగానే అసలు సంగతి తట్టింది. గున్నమ్మ వస్తున్నది దేవుడు రమ్మన్నాడని. కార్డు తనదని తెలిస్తే ఎందుకొస్తుంది? నోరు తెరిస్తే గున్నమ్మ పోతుంది, గున్నమ్మ పోతే పదకొండేళ్ళ ఆశ పోతుంది. నోరు మూసుకోవడమే మంచిదని గట్టిగా తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానం ఆదివారం పదిన్నర దాకా నిలబడింది.

పదిన్నరకి మోజెస్ అయ్యగారు మూడో ప్రకటన చదివారు. "...అనిల్‌కుమార్‌కీ శాలోమికీ జరగబోవు వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్నచో..."

ఆడవాళ్ళ వైపు నుంచి శాలోమి లేచింది. చేతిలో గులాబీ కార్డు ఉంది. "నాకే ఉందయ్యగారూ. నాకు కాదు... దేవుడికి."

ముందు వరుసలో కూర్చున్న అనిల్‌కుమార్ మొహం వెలవెలబోయింది. శాలోమి కార్డు చదవబోయి, మొదటి మాటకే వెక్కిళ్ళు పెట్టింది.

నోవహు గున్నమ్మ వైపు చూశాడు. తర్వాత ఆ పిల్ల వైపు చూశాడు. అలవాటు ప్రకారం పేజీ తిప్పేద్దామనుకున్నాడు. తిరగలేదు.

"అది దేవుడిది కాదు!" అని లేచి నిలబడ్డాడు. "నాది!"

చర్చి అంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. నోవహు మొదలెట్టాడు. సంపాదకుడి ఉత్తరం, నాలుగు నియమాలు, మిగిలిపోయిన అట్టముక్కలు, బిస్కట్ల డబ్బా, అన్నీ వరసగా చెప్పేశాడు. "వదిలెయ్యమన్నది పెళ్ళికొడుకుని కాదమ్మా, పుస్తకాన్ని! నాకు నేను రాసుకున్నాను."

"మరి... నీకు రుచించిందా అమ్మా?" అని అయ్యగారు నెమ్మదిగా అడిగారు.

"రుచించబట్టే కదండీ వారంనించి ఏడుస్తన్నాను!" అంది శాలోమి. అనిల్‌కుమార్ జేబురుమాలు తీసి తన మొహమే తుడుచుకున్నాడు.

"అయితే మీరు పిలిస్తే పలకొద్దన్నది కూడా దేవుడు కాదా?" అని ఏసుమణి లేచింది.

"కాదే."

"పోన్లెండి. అలవాటైపోయింది."

ఇంక గున్నమ్మ మిగిలింది. నోవహు ఆవిడ ముందుకెళ్ళి, "గున్నమ్మా, వారానికో పుస్తకం అన్నదీ నేనే. నిన్ను చదవమని దేవుడేం చెప్పలేదు. ఇంక నువ్వు రానక్కర్లేదు," అన్నాడు.

గున్నమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "దేవుడు సెప్పేడని రెండ్రోజులొచ్చేను బాబూ. మూడోరోజు కాణ్ణించి ఆ గుంట ఏటయిపోయిందోనని వచ్చేను. ఇంకా పాతిక కాయితాలున్నాయి. సగంలో ఒగ్గీడానికి నానేటి, నీలాంటిదాన్నా?"

జనం గొల్లుమన్నారు. నోవహు నవ్వబోయి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ సందడిలో మోజెస్ అయ్యగారు తన బైబిల్లోంచి గులాబీ కార్డు బయటకు తీశారు. "అంటే నోవహూ... ఈ రెండు పేజీల మాట కూడా..."

"నాదేనండీ. సమీక్షల గురించి."

"దేవునికి స్తోత్రం," అన్నారు అయ్యగారు. ఆ కార్డుని నోవహు చేతికిచ్చి, కిందటి వారం పక్కన పెట్టిన తొమ్మిది పేజీలూ సంచీలోంచి తీసి, ఈ వారానివి పదకొండూ వాటి మీద పేర్చి, గొంతు సవరించుకున్నారు.

ఆరాధన ముగిసేసరికి రెండున్నర దాటింది. నోవహు చేసిన తప్పుని సంఘమంతా ఆ రోజే క్షమించింది. దాన్ని ఒప్పుకున్నందుకు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.