మైనస్ ఒకటి సంహారం

మధ్యాహ్న మార్తాండుడు రేకుల కప్పుపై నిప్పులు చెరుగుచుండగా, వీధిలోని షట్టర్లన్నియు సగం దిగి కునుకు తీయుచుండగా, ఇస్త్రీపెట్టె ఆవిరులు కమ్మిన ఒక ఇరుకు దుకాణమున, కొలతటేపు కంఠాభరణుడు, కత్తెర ధురంధరుడు, 'కుట్టుమిషన్ మిత్రులు' అను ఆన్‌లైన్ చర్చావేదికకు ఏకైక మోడరేటరు అయిన టైలరు, భోజనానంతరమున ఫోను చేతబూని లోకరక్షణకు కూర్చుండెను.

ఆ లోకమున ఆయన బిరుదు 'గట్టికుట్టు'. అచట ఆయన స్వయముగా రాసిన శాసనమొకటి కలదు. ఇతరుల మాట నచ్చనివారు దాని పక్కన కిందికి చూపు బాణము నొక్కి ఒక మార్కు కోయవచ్చును. కాని కారణము రాసి తీరవలెను. రాయనివారికి వారము బహిష్కారము. గుండీ కుట్టుట రాకున్నను అందరికీ బుద్ధులు చెప్పు మహానుభావులెందరో ఈ శాసనమునకు జడిసి నోరు కట్టుకొనిరి.

అట్టి ధర్మరాజ్యమున, ఆ మధ్యాహ్నము, ఆయన కంటబడినది ఘోరము. 'కొత్తసూది' అను కొత్త సభ్యురాలు పొద్దున ఒక ప్రశ్న అడిగినది: "కుడుతుంటే గుడ్డ కింద దారం ఉండలు కడుతోంది. ఏం చెయ్యాలి?" దాని పక్కన మైనస్ ఒకటి. కారణము శూన్యము. దిగువన ఆమెయే మరల రాసుకొన్నది: "అడక్కూడనిది అడిగినట్టున్నాను. ఏమీ అనుకోకండి. ఇక అడగను."

టైలరు కనుబొమలు ముడివడెను. బొటనవేళ్ళు రెండును రణభేరులై మ్రోగెను.

"ఓరీ మౌనబాణ ప్రయోక్తా! నిరాయుధయగు నవాగతురాలిని చాటునుండి కొట్టిన పిరికిపందా! నేడు నీవు ఏ నిక్‌నేము వెనుక దాగినను నిన్ను వెలికిలాగి వెలివేయక ఈ గట్టికుట్టు నిద్రపోడు!"

సభ గడగడలాడెను. "నేను కాదు గురువుగారూ, నాకసలు ఆ బాణం ఎక్కడుంటుందో తెలీదు" అని 'బాబిన్ బాబాయి' అను సభ్యుడు రాసెను.

అంతట వీరుడు కళ్ళజోడు తుడిచి యుద్ధభూమిని పరికించెను. కింది బాణము ఎర్రగా నుండెను. ఎవరు నొక్కిన బాణము వారి తెరమీద మాత్రమే ఎర్రబడును. పొద్దున ఖాతాదారుడొకడు ప్యాంటు కోసం నెత్తిన నిలుచుండగా, 'ఇది కూడా తెలీదా' అని గొణిగి, చటుక్కున నొక్కి, మరచిపోయిన బొటనవేలు ఆయనదే.

ఘోరము అంతటితో తీరలేదు. ప్రశ్నకు జతచేసిన ఫోటోలో ఉండకట్టిన గుడ్డ, నిన్న తాను కత్తిరించి పారేసిన బూడిదరంగు లైనింగు ముక్క. వెనుకనున్నది పిడి విరిగిన తన తల్లి మిషను. పొద్దుటినుండి, దుకాణమునకు ఇంటికి నడుమనున్న కర్టెన్ అవతల తడబడుచు మ్రోగిన ఆ మిషను ఇప్పుడు మ్రోగుటలేదు.

దానిపై కుట్టు నేర్చుకొనుచున్నది ఆయన భార్య. కుట్టు సందేహము ఒకప్పుడు ఆయననే అడిగినది. "టైలరు పెళ్ళానివి, ఇది కూడా తెలీదా?" అని ఖాతాదారుల ముందు ఆయన నవ్వెను. మరెన్నడును ఆమె అడుగలేదు. ఈయనను అడుగలేక లోకమునడిగినది. అక్కడా ఈయనే తగిలెను.

ప్రశ్ననే చెరిపివేయు అస్త్రము మోడరేటరు వద్ద కలదు. వేలు అటు పోయినది కూడ. సిగ్గుతో వెనక్కి లాగుకొని ఆయన రాసెను: "నొక్కింది నేనే. ప్రశ్నలో తప్పు లేదు. నాకే ఓపిక లేకపోయింది. శాసనం ప్రకారం వారం రోజులు నేను బయటికి." పిదప ఎర్రబాణమును మరల నొక్కెను. మైనస్ ఒకటి కూలెను. దాని స్థానమున సున్నా, పూర్ణచంద్రబింబమువలె ఉదయించెను.

కర్టెన్ అవతలినుండి గొంతు వినవచ్చెను.

"ఏవండీ, ఈ గట్టికుట్టు ఎవరో గానీ, పర్లేదు, మంచివాడే."

"అంత మంచివాడేం కాదు. నేనే."

"తెలుసు. ఓరీ పిరికిపందా అంటూ రాసినప్పుడే మీరే అనుకున్నాను. దారం సంగతి చెప్పండి."

వీరుడు కర్టెన్ తొలగించి మిషను పక్కన నేలమీద కూర్చుండెను. "గుడ్డని నొక్కే పాదం ఉంది చూడు, దాన్ని పైకెత్తి పైదారం ఎక్కించు. దించి ఎక్కిస్తే దారం, దాన్ని బిగించి పట్టే బిళ్ళల మధ్య కూర్చోదు."

ఆమె ఎక్కించినది. కుట్టు తిన్నగా సాగినది.

"ఇంకోటి అడగనా?"

"అడుగు. వారం రోజులు నాకు వేరే పని లేదు."

ఇట్లు మైనస్ ఒకటి హతమై, సున్నా పట్టాభిషిక్తమై, గట్టికుట్టు తన రాజ్యమునుండి తానే వెడలగొట్టబడి, ఇంట్లోకి ప్రవేశించెను.