ఊపిరి ట్రిప్పు

మా నగరంలో ఊపిరి పీల్చుకోవాలంటే క్యాబ్ బుక్ చేసుకోవాలి. అద్దాలు మూసి ఏసీ వేసిన కారులో తప్ప మనిషికి పనికొచ్చే గాలి ఇంకెక్కడా లేదని వాయు సరఫరా విభాగం తేల్చింది. ఇంట్లో ఉన్నంతసేపు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని సర్దుకుంటారు. అందుకే జనం ఎక్కడికీ వెళ్లే పని లేకపోయినా కార్లెక్కి తిరగసాగారు. కార్లు పెరిగాయి, దాంతో పొగ పెరిగింది. పొగ పెరిగిందని ఇంకాసేపు తిరిగారు. విభాగం దీన్ని ప్రజాదరణగా నమోదు చేసుకుంది. ఎవరికైనా హఠాత్తుగా ఊపిరాడకపోతే అందుబాటులో ఉండాలి కదా అని, ఖాళీ కార్లను కూడా ఆపకుండా తిప్పమని ఆదేశించింది.

సాయిలు, బాలమణి దంపతులు రోజూ సాయంత్రం ఒక ట్రిప్పు తీసుకుంటారు. ఆ రోజు బాలమణి పాత పిండిగిర్ని స్టాపుకు పోదామంది. పెళ్లయిన కొత్తలో వాళ్లు సిటీ బస్సులో తిరిగేవారు. అప్పట్లో కండక్టర్ అరిచేదాకా ఎవరూ ఆగేవారు కాదు. బేకరీ వాసన వస్తే ఒక స్టాపు, తోళ్ల గోదాం కంపు కొడితే ఇంకొకటి. కునుకు తీసేవాళ్లు కూడా ముక్కుతోనే లేచి దిగిపోయేవారు. గిర్నిలోంచి వేడి జొన్నపిండి వాసన వస్తే వాళ్ల ఇల్లు వచ్చినట్టు. ఎంత బాగుండేవో ఆ రోజులు! బాలమణి ఈ చలికాలం దాటడం కష్టమని డాక్టరు చెప్పాక, ఆ వాసన ఒక్కసారి పీల్చాలని ఆమెకు మనసు పీకుతోంది.

గిర్నిని ఎప్పుడో కూల్చేశారు. అక్కడిప్పుడు బుకింగుల కోసం ఎదురుచూసే కార్ల అడ్డా ఉంది. సాయిలుకు ఆ సంగతి తెలుసు. అయినా ఆ స్టాపుకే బుక్ చేశాడు.

అద్దం దించడం నేరం. అడ్డా దగ్గరికి రాగానే సాయిలు బతిమాలితే డ్రైవర్ జహంగీర్ మెత్తబడ్డాడు.

"ఒక్క నిమిషమే అమ్మా. రేటింగ్ పోతది."

బాలమణి బస్సులోలాగే కళ్లు మూసుకుని కిటికీకి ముఖం పెట్టింది. పొగ గుప్పున లోపలికొచ్చింది. ఆమె చాలాసేపు దగ్గింది. సాయిలు వీపు నిమిరాడు.

"వచ్చింది సూడు, జొన్నపిండి," అన్నాడు.

ఆమె కళ్లు తెరవకుండానే మళ్లీ పీల్చింది. "అవును. ఇప్పుడే పడుతున్నట్టున్నరు."

దిగుతావా అని సాయిలు అడిగాడు.

"దిగి ఏం పీల్చాలె? అద్దం ఎక్కియ్యి బిడ్డా. ఇంకో రౌండ్ కొట్టు."

జహంగీర్ ట్రిప్పు పొడిగించాడు. అడ్డాలో ఉన్న కార్లు ఇంజన్లు ఆపకుండానే పక్కకు జరిగి, ఎంతో మర్యాదగా దారిచ్చాయి.