పన్నెండు కిలోల పరీక్ష

ఆదివారం పొద్దున్నే అద్దాలాయన వీపు సంచి సర్దుకుని హాల్లో నిలబడ్డాడు. కళ్లద్దాల షాపు పెట్టిన నాటి నుంచి వీధిలో అందరికీ అతను అద్దాలాయనే. అసలు పేరు భార్యకు కూడా కోపం వచ్చినప్పుడే గుర్తొస్తుంది. ఆ షాపు ఒక్కరోజైనా మూయలేక పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమెను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఇన్నాళ్లకు ఇద్దరూ కొండల్లో నాలుగు రోజులు నడిచి రావాలనుకున్నారు. ప్రయాణం మర్నాడే.

భార్య బడిలో డ్రిల్లు టీచరు. ఇంట్లోనూ అదే ఉద్యోగం. గుడారం, స్టవ్వు, గిన్నెలు, బట్టలు, బిస్కెట్లు కూరిన సంచిని తూకం వేసి, పన్నెండు కిలోలని ప్రకటించింది.

"ఇది వీపున వేసుకుని నాలుగంతస్తులూ మూడుసార్లు దిగి ఎక్కండి. ఎక్కినప్పుడల్లా మన తలుపు తాకితేనే లెక్క. మధ్యలో దించారో, మిమ్మల్ని వదిలేసి మా చెల్లిని తీసుకెళ్తా."

"ముందు కాస్త కాఫీ తాగి..."

"తాగితే పడుకుంటారు. నేను బజారుకెళ్లి బ్యాటరీలు తెస్తా."

తలుపుకు తాళం వేసి, తాళంచెవి కూడా పట్టుకుపోయింది. మరదలు ఆ అవకాశం కోసం ఎప్పుడో బూట్లు కొని సిద్ధంగా ఉంది. అద్దాలాయన పళ్లు బిగించి మెట్లు దిగాడు.

మొదటిసారి ఎక్కి తలుపు తాకేసరికి ప్రాణం కళ్లలోకి వచ్చింది. ఎదురింటి బేకరీ ఆవిడ పాలప్యాకెట్ కోసం తలుపు తీసింది. ఇంత మూటతో, చెమటో కన్నీళ్లో తెలియని మొహంతో, తాళం వేసిన తలుపును నిమురుతున్న మనిషిని చూసింది.

"ఏంటన్నయ్యా, తాళం వేసుంది?"

"మా ఆవిడే... వేసుకుని... వెళ్లింది..."

"మరి మీ బట్టలు?"

"అన్నీ... ఇందులోనే..."

చెప్పినవన్నీ నిజాలే. మిగతా నిజం చెప్పడానికి ఊపిరి చాలలేదు. ఆవిడ లోపలికి పరుగెత్తి రెండు బ్రెడ్లు, ఓ పెద్ద డబ్బాడు కేకు తెచ్చి, వీపు మీదున్న సంచిలో అలాగే కుక్కేసింది. "ఆకలితో మాత్రం ఉండకన్నయ్యా!" అని కళ్లు తుడుచుకుంది. ఏడుస్తున్న ఆడమనిషికి వద్దని చెప్పే ధైర్యం అతని వంశంలోనే లేదు.

అతను దిగేలోపు వార్త దిగిపోయింది. రెండో అంతస్తులో బామ్మగారు దళసరి రగ్గు పట్టుకుని కాపు కాసింది.

"బామ్మగారూ, అది కాదండీ..."

"నాకేం చెప్పకు నాయనా. మొగుడూ పెళ్లాల సంగతులు నేనడగను." రగ్గును సంచి మీద వేసి తాడుతో బిగించేసింది.

కింద రిటైరైన పోస్టుమాస్టారు ప్రెషర్ కుక్కర్‌తో ఎదురొచ్చాడు. "ఒంటరి మగాడికి కుక్కరే చుట్టం బాబూ. ఉంచుకోండి," అని సంచి పక్కన వేలాడదీశాడు. మొహమాటంతో అద్దాలాయన థాంక్సండీ అన్నాడు. దాంతో పోస్టుమాస్టారికి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

రెండోసారి ఎక్కి దిగాడు. మూడోసారి కుక్కర్ ప్రతి మెట్టుకీ మోగుతుంటే మూడో అంతస్తు వరకు పాక్కుంటూ వచ్చాడు. అక్కడ మోకాళ్లు చేతులెత్తేశాయి. సంచి దించి, గోడకు చేరగిలబడ్డాడు. ఇరవై ఏళ్లకు ఒక్క మాట ఇచ్చి, దాన్ని కూడా ఒక్క అంతస్తు దూరంలో పోగొట్టుకున్నానని నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడే భార్య బ్యాటరీలతో వచ్చింది. ఆమె వెనకే సామాన్లిచ్చిన ముగ్గురూ.

"ఇంట్లోంచి గెంటేశాక పోయేవాణ్ణి పోనివ్వక, మళ్లీ మళ్లీ ఈ మెట్లెక్కించడం ఏంటమ్మా?" అంది బేకరీ ఆవిడ.

"ఎవరు పోయేది? రేపు ఇద్దరం కలిసి కొండలకు వెళ్తున్నాం!"

పోస్టుమాస్టారు తన కుక్కర్‌ను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

భార్య సంచిని ఎత్తబోయి, ఎత్తలేక, పైకెళ్లి తాళం తీసి తూకపు మిషన్ తెచ్చింది. ముల్లు ఇరవై ఒకటి దగ్గర ఆగింది. ఆమె మొగుణ్ణి ఎగాదిగా చూసి, "పాస్," అంది. ఆ ఒక్క మాటకు అద్దాలాయన మోకాళ్ల నొప్పి సగం తగ్గింది.

ఇచ్చినవి వెనక్కి ఇవ్వబోతే పోస్టుమాస్టారు కుక్కర్ తీసుకున్నాడు తప్ప, మిగతా ఇద్దరూ ఏదీ తీసుకోలేదు. "ప్రయాణమైతే మరీ మంచిది, చలికి కప్పుకోండి," అంది బామ్మగారు. ఇన్నేళ్లూ వీళ్లకు మెట్ల మీద తల ఊపడం తప్ప అద్దాలాయన చేసిందేమీ లేదు. ముగ్గురికీ చేతులెత్తి దండం పెట్టాడు.

తలుపు వేశాక, "ఎంత మంచివాళ్లే! నేను రోడ్డున పడ్డాననుకుని ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి పెట్టేశారు," అన్నాడు తడి కళ్లతో.

భార్య తన సంచిలోని బరువైన సామానంతా తీసి అతని సంచిలోకి మారుస్తూ అంది:

"మంచివాళ్లే. వెళ్లొద్దని మాత్రం ఒక్కళ్లూ అనలేదు."